రుచికి పేరు పెట్టిన ప్రొఫెసర్

అజినమోటో అనే మాట వినని వాళ్ళు మన కాలేజీలో ఉండరు. దాన్ని ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర వెయ్యొద్దని చెప్పే వాళ్ళు ఉన్నారు, ఇంకొంచెం వెయ్యమని అడిగే వాళ్ళూ ఉన్నారు. ఆ తెల్లటి పలుకుల వెనక ఎవరున్నారని అడిగితే మాత్రం ఒక్క పేరు కూడా బయటికి రాదు. ఆయన పేరు కికునాయె ఇకెడా. టోక్యోలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. అజినమోటో అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఆయన కనిపెట్టింది అంతకంటే పెద్దది. మనిషి నాలుకకి ఇంకో మూల రుచి ఉందని చెప్పి, దానికి ఒక పేరు పెట్టాడు.

ఈ సంచికకి ఎవరిదైనా జీవిత చరిత్ర రాయమని క్లబ్బు వాళ్ళు అడిగినప్పుడు విశ్వేశ్వరయ్య గారు, కలాం గారు ఎలాగూ వస్తారని నాకు తెలుసు. అందుకే ఇకెడా మాస్టారిని ఎంచుకున్నాను. ఆయన నాకు లైబ్రరీలో పరిచయం కాలేదు, మా రూమ్‌లో గ్యాస్ స్టవ్ దగ్గర పరిచయమయ్యాడు. కరకరలాడే పంది మాంసం ముక్కలతో జపాన్ పద్ధతి నూడుల్స్ సూప్, అంటే రామెన్, ఇంట్లో వండటం నేర్చుకుంటున్న రోజులవి. ఏ వంట పుస్తకం తెరిచినా ముందు చారు గురించే చెప్పారు. ఆ చారు ఎందుకంత రుచిగా ఉంటుందని వెతుక్కుంటూ పోతే దారి ఆయన దగ్గరికి చేరింది.

కియోటో నుంచి లైప్‌జిగ్ దాకా

ఇకెడా 1864 లో కియోటోలో పుట్టాడు. వాళ్ళది దక్షిణాన ఉన్న సత్సుమా సంస్థానానికి చెందిన సమురాయ్ కుటుంబం. ఆయనకి నాలుగేళ్ళు వచ్చేసరికి పాత రాజ్యం పోయి మేజీ చక్రవర్తి పాలన వచ్చింది. సమురాయ్‌ల కత్తులు పోయాయి, జీతాలు పోయాయి. వాళ్ళ పిల్లలకి చదువే దిక్కయింది. మన దగ్గర మిరాసీలు పోయిన కుటుంబాల్లో పిల్లలు ఇంగ్లీషు చదువుల వెంట పడ్డారు కదా, ఇంచుమించు అలాంటి కాలం.

తిండి కూడా మారింది. అంతకుముందు వందల ఏళ్ళుగా జపాన్‌లో చాలామంది మాంసానికి దూరంగా ఉండేవాళ్ళు. బౌద్ధం ఒక కారణం, ప్రభుత్వాల నిషేధాలు ఇంకో కారణం. 1872 లో చక్రవర్తే మాంసం తిన్నాడన్న వార్త దేశమంతా పాకింది. సత్సుమా వాళ్ళకి మాత్రం పంది మాంసం కొత్తేమీ కాదు, వాళ్ళ ప్రాంతంలో అది ముందునుంచీ ఉంది. ఒక పక్క సముద్రపు నాచు, ఎండు చేపల చారు, ఇంకో పక్క కొత్తగా వస్తున్న మాంసం. ఈ రెండూ కలిసే కాలంలో ఇకెడా పెరిగాడన్నమాట.

1889 లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పూర్తి చేశాడు. కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. 1899 లో ప్రభుత్వం ఆయన్ని జర్మనీ పంపించింది. లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ దగ్గర చేరాడు. ఆస్ట్‌వాల్డ్ పేరు మనకి నైట్రిక్ యాసిడ్ తయారీ పాఠంలో వస్తుంది. ఫిజికల్ కెమిస్ట్రీకి పునాది వేసిన వాళ్ళలో ఒకడు, 1909 లో నోబెల్ కూడా అందుకున్నాడు. అంత పెద్దాయన ల్యాబ్‌లో ఉంటూ ఇకెడా రెండు సంగతులు గమనించాడు. మొదటిది, జర్మన్ల ఒడ్డూ పొడుగూ. మన వాళ్ళు ఇలా ఎందుకు లేరని ఆయన్ని బాధపెట్టిన ప్రశ్న అది. రెండోది, అక్కడి టమాటా, చీజ్, ఆస్పరాగస్, మాంసం, వీటన్నిటిలో ఉన్న ఒక ఉమ్మడి రుచి. తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు. దానికి పేరు లేదు.

లండన్‌లో ఒక నవలాకారుడు

మనది సాహిత్య క్లబ్బు కాబట్టి ఈ ముక్క వదిలిపెట్టలేను. 1901 లో జపాన్‌కి తిరిగి వెళ్ళే ముందు ఇకెడా లండన్‌లో ఆగాడు. అక్కడ ఆయన దిగిన అద్దె ఇంట్లో అప్పటికే ఇంకో జపనీయుడు ఉన్నాడు. ఆయనే నత్సుమె సోసెకి. తర్వాత జపాన్ ఆధునిక నవలకి పెద్ద దిక్కయి, వెయ్యి యెన్‌ల నోటు మీద కూడా బొమ్మగా వెలిసిన మనిషి. అప్పటికి మాత్రం ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి ప్రభుత్వ ఖర్చు మీద వచ్చి, చాలీచాలని డబ్బుతో, ఒంటరితనంతో గదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న ఒక మాస్టారు.

ఇద్దరూ రెండు నెలలు ఒకే చూరు కింద ఉన్నారు. సైన్సు, తత్వం, సాహిత్యం, చదువులు, అన్నీ మాట్లాడుకున్నారు. ఈ కెమిస్ట్రీ మనిషికి ఇంత ఆలోచన ఎక్కడిదని సోసెకి ఆశ్చర్యపోయాడు. సాహిత్యాన్ని కూడా సైన్సు లాగా మూలాల నుంచి, ఒక పద్ధతి ప్రకారం పరిశీలించాలన్న పట్టుదల ఆయనకి ఆ రోజుల్లోనే కలిగింది. తర్వాత ఆయన రాసిన సాహిత్య సిద్ధాంత గ్రంథానికి విత్తనం అక్కడే పడింది. రాసేవాడికి ల్యాబ్ మనిషితో పనేమిటి, ల్యాబ్ మనిషికి రాసేవాడితో పనేమిటి అనుకునే వాళ్ళు మన క్యాంపస్‌లో రెండు పక్కలా ఉన్నారు. వాళ్ళకి ఈ అద్దె ఇల్లు చూపించాలనిపిస్తుంది.

నాచులోంచి పలుకులు

ఇప్పుడు కాసేపు నా స్టవ్ దగ్గరికి రండి. ఇకెడా చేసిన పని అర్థం కావాలంటే కొంబు చూడాలి. కొంబు అంటే జపాన్ ఉత్తరాన చల్లటి సముద్రంలో పెరిగే వెడల్పాటి నాచు. ఎండబెట్టి అట్టల్లాగా అమ్ముతారు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాని మీద తెల్లటి పొడి లాంటిది ఉంటుంది. బూజనుకుని కడిగేయకూడదు, అది మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థం. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

లీటరు నీళ్ళకి 10 గ్రాముల కొంబు. చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టాలి, రాత్రంతా ఉంచినా మంచిదే. తర్వాత సన్న మంట మీద వేడి చేసి, అడుగున చిన్న చిన్న బుడగలు మొదలవగానే నాచు తీసేయాలి. మరగనిస్తే జిగురు, సముద్రపు వాసన చారులోకి దిగుతాయి. మిగిలింది చూడటానికి ఉత్త నీళ్ళే, కొంచెం పచ్చగా ఉంటాయంతే. ఒక చెంచా నోట్లో పోసుకుంటే ఏముందో చెప్పలేం కానీ ఏదో ఉంది. నాలుక అంతా పరుచుకుని, మింగాక కూడా కాసేపు ఉంటుంది.

ఆ ఏదో ఉందన్న దగ్గరే ఇకెడా ఆగిపోలేదు. ఇంట్లో భార్య కొంబు చారులో టోఫూ ఉడికించి పెట్టేది. జపాన్ ఇళ్ళల్లో అతి మామూలు వంట, మన ఇంట్లో చారు ఎంత మామూలో అంత. దాన్ని ఆయన ఒక కెమిస్ట్రీ ప్రశ్నగా తీసుకున్నాడు. ఈ రుచినిచ్చే పదార్థం ఒకటి ఉండాలి, ఉంటే దాన్ని విడదీయగలగాలి. 1907 లో పని మొదలుపెట్టాడు. కిలోల కొద్దీ కొంబు నానబెట్టాడు. ఆ నీళ్ళు ఇగరబెట్టాడు. మానిటాల్ పలుకులు వచ్చాయి, పక్కన పెట్టాడు. ఉప్పులు వచ్చాయి, తీసేశాడు. మిగిలిన దాంట్లో ఆ రుచి ఇంకా ఉందా లేదా అన్నది ప్రతి మెట్టులోనూ నాలుకతోనే చూసుకోవాలి, వేరే పరికరం లేదు. చివరికి గ్రాముల లెక్కలో కొన్ని పలుకులు మిగిలాయి. పరీక్షించి చూస్తే అది గ్లుటామిక్ ఆమ్లం.

గ్లుటామిక్ ఆమ్లం అప్పటికే తెలిసిన పదార్థం. 1866 లో రిట్‌హౌజెన్ అనే జర్మన్ గోధుమ జిగురు నుంచి దాన్ని వేరు చేశాడు. నలభై ఏళ్ళుగా సీసాల్లో ఉన్నదే. అయితే దాని ఉప్పు రూపంలో ఒక మూల రుచి దాగుందని ఎవరూ అనుకోలేదు. ఆమ్లంగా నాకితే పుల్లగా ఉంటుంది, అందుకేనేమో. చారులో అది ఆమ్లంగా ఉండదు, గ్లుటామేట్ అయాన్‌గా ఉంటుంది. ఇకెడా ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. జపాన్ భాషలో బాగుంది అనడానికి వాడే మామూలు మాట నుంచి పుట్టిన పేరది. తర్వాత గ్లుటామిక్ ఆమ్లం ఉప్పుల్లో ఏది తేలిగ్గా నీళ్ళలో కరుగుతుంది, ఏది తేమ పట్టకుండా నిలవ ఉంటుంది అని చూసి సోడియం ఉప్పు ఎంచుకున్నాడు. 1908 లో పేటెంట్ వచ్చింది, 1909 లో పేపర్ అచ్చయింది.

మనకి షడ్రుచులు ఉన్నాయి కదా, తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం, వగరు. ఉగాది పచ్చడి తిన్న ఎవరికైనా ఆ లెక్క నోటికి వచ్చు. ఆ ఆరింటిలోనూ ఇకెడా రుచి లేదు. మన నాలుకకి తెలియదా అంటే బాగా తెలుసు. కోస్తాలో ఎండు మెత్తళ్ళు టమాటా కూర తిన్నవాళ్ళని అడగండి. టమాటాలో గ్లుటామేట్ ఉంది, ఎండు చేపలో దానికి జోడీ ఉంది. రుచి ఇక్కడా ఉంది, పేరు మాత్రం టోక్యో నుంచి వచ్చింది.

ఒకటీ ఒకటీ కలిస్తే

ఆ జోడీ సంగతి ఇకెడా శిష్యుడు తేల్చాడు. 1913 లో షింతారో కొడామా ఎండబెట్టి పొగబెట్టిన బొనిటో చేప మీద పనిచేసి ఇనోసినేట్ అనే పదార్థంలో అదే జాతి రుచి ఉందని చూపించాడు. చాలా ఏళ్ళ తర్వాత, 1957 లో, అకిరా కునినాకా గ్వానిలేట్ రుచిని పట్టుకున్నాడు. ఎండు షిటాకె పుట్టగొడుగుల్లో ఉండేది అదే. గ్లుటామేట్‌కి వీటిలో ఏదో ఒకటి తోడైతే రుచి కూడిక లెక్కలో పెరగదని, ఎన్నో రెట్లు పెరుగుతుందని తేల్చింది కూడా ఆయనే. జపాన్ ఇల్లాళ్ళు కొంబు, ఎండు చేప కలిపి చారు కాచడం తరతరాలుగా చేస్తున్నదే. ఎందుకన్నది అప్పటికి తేలింది.

రామెన్ గిన్నె నాకు ఇష్టమైంది ఇందుకే. మాంసంలో ఇనోసినేట్ ఉంటుంది, పంది మాంసంలో కూడా. కొంబు చారులో పంది మాంసం చారు కలిపితే ఇకెడా, ఆయన శిష్యుడు ఒకే గిన్నెలో కలిసినట్టే. టోక్యోలో అసకుసా పేటలో రైరైకెన్ అనే హోటల్ 1910 లో తెరిచారు, అక్కడి చైనా పద్ధతి నూడుల్స్ సూప్‌తోనే రామెన్ ఊరంతా పాకిందంటారు. ఇకెడా పేపర్ అచ్చయిన మరుసటి ఏడే, అదే ఊళ్ళో.

మా రూమ్‌లో నలుగురికి నేను చేసే పద్ధతి ఇది. పంది పొట్ట భాగం మాంసం అరకిలో, చర్మంతో సహా. ఒకసారి నీళ్ళలో పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబోయాలి, మురికంతా పోతుంది. మళ్ళీ లీటరు నీళ్ళు, అల్లం ముక్కలు, ఉల్లికాడలు వేసి కుక్కర్‌లో మొదటి విజిల్ తర్వాత సన్న మంట మీద ఇరవై నిమిషాలు. మాంసం తీసి ఆరబెట్టాలి, చారు వడకట్టి ఉంచుకోవాలి. బొనిటో చేప దొరక్కపోతే ఎండు మెత్తళ్ళు వాడుకోవచ్చు. జపాన్‌లో కూడా నిబోషి అని ఇలాంటి చిన్న ఎండు చేపలతోనే చారు కాస్తారు. తల, పొట్ట తీసేసి పాతిక గ్రాములు కొంబు నీళ్ళలో పది నిమిషాలు ఉడికిస్తే చాలు. ఆ చారూ ఈ చారూ సమానంగా కలపాలి.

కరకరకి శత్రువు నీళ్ళు. మాంసం పైన తడి ఉన్నంతసేపు దాని వేడి నూరు డిగ్రీలు దాటదు, నూరు దాటకపోతే ఎర్రబడదు. అందుకని ఉడికిన ముక్కని తుడిచి, ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచుతాను. మర్నాడు వేలెడు మందాన కోసి, ఇనప పెనం మీద నూనె లేకుండా సన్న మంట మీద పెడితే దాని కొవ్వులోనే అది వేగుతుంది. చర్మం పక్క మీద చిన్న బరువు పెట్టాలి. చిటపటలకి మూత అడ్డం పెట్టుకోండి. చివర్లో మంట పెంచితే చర్మం బొబ్బలెక్కి అప్పడంలా అవుతుంది.

రామెన్ నూడుల్స్ పసుపుగా, సాగుతూ ఉండటానికి కారణం పిండిలో కలిపే క్షారం. అవి లేనప్పుడు మామూలు గోధుమ నూడుల్స్ ఉడికే నీళ్ళలో ఒక చెంచా వంటసోడా వేస్తే ఆ గుణం కొంత వస్తుంది. గిన్నె అడుగున రెండు చెంచాల సోయా సాస్, దాని మీద మరిగే చారు, తర్వాత నూడుల్స్, సగం ఉడికిన గుడ్డు, ఉల్లికాడలు. వేగిన ముక్కలు అన్నిటికంటే చివర, పైన. ముందే వేస్తే రాత్రంతా ఆరబెట్టిన కష్టం చారులో కలిసిపోతుంది. మా వాళ్ళలో మాంసం తినని అతనికి కొంబు, ఎండు షిటాకె చారు వేరే కాస్తాను. అక్కడ ఇకెడాకి తోడు కునినాకా.

మా వాళ్ళలో ఇంకొకతనికి అజినమోటో అంటే పడదు. వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచీ వద్దని చెప్పింది. నా చారులో అది వేయలేదని ముందే మాట తీసుకుని రెండు గిన్నెలు తాగాడు. నేను ఇచ్చిన మాట నిజమే, డబ్బాలోంచి చిటికెడు కూడా వేయలేదు. కానీ ఆ చారులో గ్లుటామేట్ ఉంది, నాచులోంచి దిగింది. ఆ సంగతి చెప్పాక అతను గిన్నె వంక చూసి, అయితే మా అమ్మ వద్దన్నది దేన్ని అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఇకెడా జీవితంలో తర్వాతి భాగంలో ఉంది.

పేరు పోయిన దారి

ఇకెడాకి ఫ్యాక్టరీ లేదు. సముద్రపు నాచు నుంచి అయోడిన్ తీసే సబురోసుకె సుజుకి అనే వ్యాపారి ముందుకొచ్చాడు. 1909 లో అజినమోటో అనే పేరుతో సరుకు బజారుకి వచ్చింది, ఆ మాటకి రుచికి మూలం అని అర్థం. కొంబు నుంచి తీస్తే గిట్టదు కాబట్టి గోధుమ జిగురుని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఉడికించి తీశారు. లోహపు పాత్రల్ని యాసిడ్ తినేస్తుంటే పెద్ద పెద్ద మట్టి జాడీలు వాడారు. ల్యాబ్‌లో గ్రాములు తీయడం ఒక ఎత్తు, జాడీ పగలకుండా టన్నులు తీయడం ఇంకో ఎత్తు. కెమిస్ట్రీకి, కెమికల్ ఇంజినీరింగ్‌కి తేడా ఏమిటని ఇంటర్ పిల్లలు అడిగితే నేను ఈ జాడీల కథే చెబుతాను. ఇప్పుడు యాసిడ్ కాదు, బ్యాక్టీరియా ఆ పని చేస్తోంది. 1956 లో జపాన్‌లోనే ఆ సూక్ష్మజీవిని కనిపెట్టారు, చక్కెర తిని గ్లుటామేట్ ఇస్తుంది.

పేదవాడి ఇంట్లో కూరాకు, గంజి కూడా రుచిగా ఉండాలి, రుచిగా ఉంటే తింటాడు, తింటే ఒళ్ళు పడుతుంది. ఇకెడా ఆశ ఇది. లైప్‌జిగ్‌లో మనసులో పడ్డ ముల్లు అదే కదా. బజారులో కథ వేరేలా నడిచింది. దీన్ని పాముల నుంచి తీస్తారని జపాన్‌లోనే పుకారు పుట్టింది. ఆయన పోయిన చాలా కాలానికి, 1968 లో, అమెరికాలో ఒక డాక్టరు చైనా హోటళ్ళలో తిన్నాక తనకి మెడ తిమ్మిరెక్కుతోందని ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. కారణం సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే సారా కావచ్చు, ఉప్పు కావచ్చు, గ్లుటామేట్ కావచ్చు అని అనుమానాలు వరసగా పెట్టాడు. లోకం చివరిది ఒక్కటే పట్టుకుంది. ఏది తింటున్నారో తెలియకుండా మనుషులకి ఇచ్చి చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. అమెరికా ఆహార సంస్థ దీన్ని ఉప్పు, వంటసోడాల లాగే మామూలుగా వాడుకోవచ్చన్న జాబితాలో ఉంచింది. అందులో సోడియం ఉంది కాబట్టి ఉప్పు లాగే లెక్కగా వేసుకోవాలి, అంతే. మా రూమ్మేట్ వాళ్ళమ్మ వద్దన్నది ఒక పదార్థాన్ని కాదు, దాని మీద పడ్డ ఒక పేరుని.

ఇకెడా ఇదంతా చూడలేదు. 1917 లో రికెన్ అనే పెద్ద పరిశోధనా సంస్థ పుట్టినప్పుడు దానిలో ముఖ్యుడిగా ఉన్నాడు. 1923 లో యూనివర్సిటీ నుంచి రిటైరై, మళ్ళీ జర్మనీ వెళ్ళి కొన్నేళ్ళు అక్కడే పరిశోధన చేసుకున్నాడు. 1931 లో తిరిగొచ్చాడు. 1936 మే 3 న పోయాడు, 71 ఏళ్ళు.

ఆయన పోయేనాటికి బయటి దేశాల శాస్త్రవేత్తల లెక్కలో రుచులు ఇంకా నాలుగే. ఉమామిని జపాన్ వాళ్ళ ముచ్చటగా చూశారు, వేరే రుచుల్ని పెంచే మసాలా అనుకున్నారు. గ్లుటామేట్‌ని పట్టుకునే గ్రాహకాలు నాలుక మీద విడిగా ఉన్నాయని 2000 తర్వాత వరసగా వచ్చిన పరిశోధనలు చూపించాయి. అప్పటికి ఆయన పోయి అరవై ఏళ్ళు దాటింది. 1985 లో జపాన్ పేటెంట్ కార్యాలయం దేశంలోని పదిమంది గొప్ప ఆవిష్కర్తల్లో ఒకరిగా ఆయన పేరు చేర్చింది, అదొక్కటే కొంచెం ముందు.

నాకు ఆయనలో నచ్చింది పేటెంట్ కాదు. రోజూ ఇంట్లో తాగే చారుని, అందరూ బాగుందని లేచిపోయే చారుని, ఆయన అడగదగ్గ ప్రశ్నగా చూశాడు. పుస్తకాల్లో నాలుగే రుచులని రాసి ఉన్నా తన నాలుక చెప్పింది నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, కిలోల కొద్దీ నాచు ఇగరబెట్టి ఆ నమ్మకాన్ని పలుకులుగా చేసి చూపించాడు. ఈసారి మెస్‌లో టమాటా పప్పు ఎప్పటికంటే బాగుంటే ప్లేటు పెట్టేసి వెళ్ళిపోకండి. ఇవాళ ఇందులో ఏం పడిందని వంట మాస్టారిని ఒక్క ప్రశ్న అడగండి.